మసక బీరు, తెల్ల కల్లు

ఇంట్లో బీరు కాచే అలవాటున్న మనవాళ్ళనెవరినైనా అడగండి, ఇంటికొచ్చిన దోస్తుల మొదటి ప్రశ్న ఒకటే: "ఇదేంటి, వడకట్టలేదా?" గ్లాసు వెనక వేలు పెడితే కనపడాలి, లేకపోతే అది చెడిపోయిన సరుకని మనకి గట్టి నమ్మకం. వాళ్ళ తప్పేం లేదు లెండి. మనం పెరిగిందంతా కింగ్‌ఫిషర్ చూస్తూనే కదా. బంగారు రంగు, అద్దం లాంటి తేట, పైన రెండు వేళ్ళ నురగ. నేను కాచేదేమో హాప్స్ దండిగా వేసే ఐపీఏ. మామిడి రసంలో నీళ్ళు కలిపినట్టుంటుంది. వాసన కూడా ఇంచుమించు అదే.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేనుండేది మసాచుసెట్స్‌లో. అమెరికాలో సొంతానికి ఇంట్లో బీరు కాచుకోవడాన్ని ఫెడరల్ చట్టం 1978లో ఒప్పుకుంది, సంతకం పెట్టింది కార్టర్. ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా పన్ను లేదు, అమ్ముకోకూడదు అంతే. మన దగ్గర లైసెన్సు లేకుండా కాస్తే ఎక్సైజ్ వాళ్ళొస్తారు. ఇది చదివి మియాపూర్ ఫ్లాట్‌లో బకెట్లు పెట్టుకుంటే నా పూచీ లేదు.

సరే, మసక సంగతి. "సిస్టమ్ స్లోగా ఉంది" అని టికెట్ వస్తే మనం ఏం చేస్తాం? డేటాబేసా, నెట్‌వర్కా, ఎవడో రాసిన లూపా అని వెతుకుతాం. మసక కూడా అలాంటి టికెట్టే. చూడ్డానికి ఒకేలా ఉంటుంది, కారణాలు వేరు. పిండి పదార్థం పూర్తిగా చక్కెరగా మారకుండా మిగిలిపోతే ఒక మసక. తెల్ల సాసర్‌లో రెండు చుక్కలు పోసి టింక్చర్ అయోడిన్ తగిలిస్తే నల్ల నీలం రంగు వస్తుంది, దొంగ దొరికిపోతాడు. ఈస్ట్ ఇంకా తేలుతుంటే మరో మసక. దానికి మందు ఫ్రిజ్, కాస్త ఓపిక. ఈస్ట్ కణం సుమారు 5 మైక్రాన్లు. బాక్టీరియా సుమారు 1 మైక్రాన్. కిందికి దిగే వేగం వ్యాసానికి వర్గంలో ఉంటుంది కాబట్టి (ఇంటర్మీడియట్‌లో చదివిన స్టోక్స్ గారే), ఈస్ట్ ఒక రోజులో దిగే లోతు దిగడానికి బాక్టీరియాకి సుమారు 25 రోజులు పడుతుంది. వారాలు గడిచినా తేరుకోకుండా, పైగా పులుపు తిరిగి, పోస్తుంటే తీగలు సాగుతుంటే, అది సింకులోకే.

ఇక హాప్స్ బీరులో అసలు మసక ఇవేవీ కాదు. అది వగరు తాలూకు మసక. నేరేడు పండ్లు ఓ గుప్పెడు తిన్నాక నాలుక గరుకుగా అయిపోతుంది చూడండి, అప్పుడు నోట్లో జరిగేదేమిటంటే పండులోని పాలీఫినాల్స్ మన లాలాజలంలో ఉండే ప్రొటీన్లని పట్టుకుని ముద్ద కట్టించేస్తాయి. జిగురు పోయి నాలుక గీరుకుంటుంది. తంగేడు చెక్కతో తోళ్ళు ఊనేది కూడా ఈ పట్టు మీద ఆధారపడే. బార్లీలో ఉండే ప్రొటీన్లలో కొన్ని మన లాలాజలం ప్రొటీన్ల లాంటివే, రెంటిలోనూ ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. హాప్స్‌లో పాలీఫినాల్స్ బోలెడు. రెండూ కలిస్తే నోట్లో జరిగేదే గ్లాసులో జరుగుతుంది. ఆ ముద్దలు ఎంత చిన్నవంటే కిందికి దిగవు, కానీ వెలుతురుని చెదరగొడతాయి. మనకి మసకగా కనిపిస్తుంది.

మొదట్లో ఈ పట్టు గట్టిది కాదు. చల్లబడితే కడుతుంది, వెచ్చబడితే విడిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు మసకగా ఉన్న గ్లాసుని కాసేపు అరచేతుల్లో పట్టుకోండి, తేట పడిందంటే అదే. గాలి తగిలి రోజులు గడిచేకొద్దీ పట్టు బిగిసి ఇక విడిపోదు. మామూలు లాగర్ 19 లీటర్లకి 30 గ్రాముల హాప్స్‌తో సరిపెట్టొచ్చు. నా ఐపీఏలో, పులిసేటప్పుడూ పులిసిన తర్వాతా వేసేవే 200 గ్రాములు దాటతాయి. దానికి తోడు ప్రొటీన్ ఎక్కువుండే ఓట్స్, గోధుమలు. మసక పట్టక ఏం చేస్తుంది?

తీసేయాలంటే దారులు లేకపోలేదు. మా ఊళ్ళో వానాకాలం బురద నీళ్ళకి పటిక తిప్పేవాళ్ళు, ఇంకా పాతకాలం వాళ్ళైతే చిల్లగింజ అరగదీసి కలిపేవాళ్ళు. మట్టి రేణువులకి రుణావేశం ఉంటుంది, అందుకని ఒకదాన్నొకటి తోసుకుంటూ తేలుతుంటాయి. పటికలోని అల్యూమినియం ధనావేశంతో వచ్చి వాటిని జత కలుపుతుంది, బరువెక్కి దిగిపోతాయి. బీరులో జెలటిన్ చేసే పని అదే, ఈస్ట్‌ది రుణావేశం, జెలటిన్‌ది ధనావేశం. ఇంగ్లాండ్‌లో తరాలుగా చేప తిత్తి నుంచి తీసిన ఐసింగ్లాస్ వేసి తేర్చారు. (శాకాహారులు ఈ వాక్యం దగ్గర ఆగి తమ గ్లాసు వైపు చూడటం నేను చాలాసార్లు గమనించాను.)

తేట మీద ఈ మోజు మరీ పురాతనం కూడా కాదు. 1842లో ప్లిజెన్ ఊళ్ళో లేత బంగారు రంగు లాగర్ పుట్టింది, తర్వాతర్వాత గాజు గ్లాసులు చవకయ్యాయి. లోపల ఏముందో కనపడటం మొదలయ్యాక కనపడేదే నాణ్యత అయింది. రివర్స్ గేర్ వేసింది వెర్మాంట్‌లోని ది ఆల్కెమిస్ట్ వాళ్ళు. జాన్ కిమ్మిక్ వాటర్‌బరీలో 2004లో కాచిన హెడీ టాపర్‌ని వడకట్టలేదు. 2011లో ఐరీన్ తుఫాను వరదకి ఆ పబ్ మునిగిపోయింది, అదే ఏడాది డబ్బాల్లో నింపడం మొదలైంది. ఆ డబ్బా మీద ఏం రాసుంటుందో తెలుసా? డబ్బాలోంచే తాగండి అని. అంటే ఈ మసక బీర్లన్నిటికీ తాత లాంటి బీరు, నన్ను చూడొద్దు, తాగు అంటోందన్నమాట. ఎవరు వింటారు? అందరూ గ్లాసులో పోసి ఫోటోలు తీశారు. 2018కల్లా మసక ఐపీఏ ఒక అధికారిక రకమైపోయింది, అమెరికా బ్రూయర్స్ అసోసియేషన్ జాబితాలోకెక్కింది.

సరిగ్గా అక్కడే కథ తిరిగింది. మసక ఉంటే మంచి బీరు అని జనం అనుకోగానే, మసకని విడిగా తయారు చేయడం మొదలైంది. కాగుతున్న బీరులో గోధుమ పిండి వేసేవాళ్ళున్నారు. పెక్టిన్ కోసం యాపిల్ గుజ్జు వేసేవాళ్ళున్నారు. మసక నిలబెట్టే పొడులు కూడా అమ్ముతున్నారు. నిజానికి హాప్స్ వాసన మసకలో లేదు. వెస్ట్ కోస్ట్ ఐపీఏలు అద్దంలా ఉండి కూడా గది గదంతా ఘుమాయిస్తాయి. హాప్స్ ఎక్కువ వేస్తే మసక వస్తుంది, నిజమే. మసక ఉన్నంత మాత్రాన హాప్స్ ఎక్కువ వేసినట్టు కాదు. మన ఆఫీసుల్లో టెస్ట్ కవరేజ్ 90 శాతం ఉండాలని రూలు పెట్టగానే ఏమీ పరీక్షించని టెస్టులు పుట్టుకొస్తాయి చూడండి, అచ్చం అంతే.

2019 ఎండాకాలంలో మా బాపు వచ్చాడు. మాది ఆర్మూర్ దగ్గర పల్లె, పసుపు రైతులం. అప్పుడే ఎలక్షన్లు అయిపోయాయి. గుర్తుందా, నిజామాబాద్ ఎంపీ సీటుకి 185 మంది పోటీ చేస్తే అందులో 170 మందికి పైగా రైతులే? మద్దతు ధర కోసం, పసుపు బోర్డు కోసం వేసిన నామినేషన్లవి. (బోర్డు 2025 జనవరిలో వచ్చింది, నిజామాబాద్‌లోనే. ధర సంగతి వేరే కథ.) బాపు ముందు నా గ్లాసు పెట్టాను. ఎత్తి చూశాడు.

"గిదేందిరా, ఈతకల్లు లెక్కుంది?"

"గట్లనే ఉంటది బాపూ, మంచిదే."

"దించి ఎన్నొద్దులైంది?"

పంతొమ్మిది రోజులైందన్నాను. "గన్నొద్దులా? కల్లైతె మాపటికే పులుస్తది" అన్నాడు, తాగాడు, చేదుగా ఉందన్నాడు, ఇంకో సగం గ్లాసు అడిగాడు.

ఇక్కడి మా హోమ్‌బ్రూ మిత్రులు ఎవ్వరూ నన్ను ముందుగా అడగని ప్రశ్న అది. వాళ్ళు ఏ ఈస్ట్ అంటారు, ఏ హాప్స్ అంటారు. బాపు రంగు మీద ఒక మాట అని వదిలేసి, దించి ఎన్నాళ్ళయిందన్నాడు. ఈ రకం బీరుకి అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న అదే. గాలి సోకితే కొన్ని వారాల్లో మామిడి రసం రంగు పోయి మట్టి రంగులోకి దిగుతుంది, వాసన అట్టముక్కలా అవుతుంది. మసక మాత్రం అలాగే ఉంటుంది!

బాపుకి ఆ తెలివి బీరు నుంచి రాలేదు, కల్లు నుంచి వచ్చింది. కల్లులో తేట, మసకల లెక్క లాగర్‌కి పూర్తిగా తలకిందులు. చెట్టు గీసినప్పుడు కారే నీరు దాదాపు తేట, తియ్యన. లొట్టికి లోపల సున్నం పూసి పులవకుండా ఆపితే అది నీరా. ఆపకపోతే గాలిలోంచి, లొట్టిలోంచి ఈస్ట్, బాక్టీరియా చేరి గంటల్లో పొంగిస్తాయి. ఆ తెలుపంతా బతికున్న కోట్ల కణాలదే. ఆల్కహాల్ 4, 5 శాతం దాకా వస్తుంది, ఇంకో రోజు గడిస్తే వెనిగర్ దారి పడుతుంది. అంటే కల్లులో తెలుపు ఒక గడియారం. పొద్దటి కల్లు, మాపటి కల్లు అని మావాళ్ళు వేరు చేసేది అందుకే. చెట్టు కింద తాటాకు రేక దోసిట్లో పట్టుకుని తాగేవాడికి రంగు ఎక్కడ కనిపిస్తుంది, ఏ చెట్టుదో, ఎప్పుడు దించిందో గీసినతన్నే అడిగి తెలుసుకుంటాడు.

చూపుని నమ్ముకుంటే ఏమవుతుందో పసుపు రైతుకి వేరే చెప్పక్కర్లేదు. పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ములో వేసి తిప్పితే పైపొట్టు రాలి కొమ్ము మెరుస్తుంది. వ్యాపారి ఆ మెరుపు చూస్తాడు, విరిచి లోపలి రంగు చూస్తాడు. కర్కుమిన్ ఎంతుందో కంటికి తెలియదు, ల్యాబ్ కావాలి. బంగ్లాదేశ్‌లో ఏమైందంటే, 1980లలో వరదలకి తడిసి పసుపు రంగు మాసిపోయింది. కొనేవాళ్ళకి మెరుపు కావాలి. దాంతో లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగు పూయడం మొదలై అలవాటైపోయింది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అక్కడివాళ్ళతో కలిసి 2019లో ఆ విషయం బయటపెట్టారు. మార్కెట్ శాంపిళ్ళలో 47 శాతం సీసం కలిసినవే. ప్రభుత్వం మిల్లుల మీద పడి, జనానికి చెప్పి, 2021కల్లా దాన్ని సున్నాకి తెచ్చింది. చేయాలనుకుంటే చేయొచ్చన్నమాట.

మా జిల్లా కల్లు దగ్గర ఆ 'అనుకోవడం' ఇంకా పూర్తి కాలేదు. కల్లు నిలవుండదు, దూరం పోదు, చెట్లు ఏటేటా తగ్గుతున్నాయి. తాగేవాళ్ళు మాత్రం రోజూ వస్తారు. ఆ మధ్య ఖాళీని నింపింది సీసా కల్లు. కాస్త అసలు కల్లు, మిగతా నీళ్ళు, తీపికి శాక్రిన్, మత్తుకి క్లోరల్ హైడ్రేట్. లేదా డైజెపామ్. ఈ మధ్య ఎక్కువగా ఆల్ప్రజోలమ్. క్లోరల్ హైడ్రేట్ నీళ్ళలో చక్కెరలా కరిగిపోతుంది. ఆల్ప్రజోలమ్ మాత్రలో ఉండే మందు అర మిల్లీగ్రాము, పావు మిల్లీగ్రాము, అది సీసాలో పడితే సూక్ష్మదర్శినికి కూడా దొరకదు. కనిపించే మసక ఏ హానీ చేయని ఈస్ట్‌ది. హాని చేసేదానికి మసకే లేదు.

మా చిన్నాయన ఏళ్ళ తరబడి రోజూ సాయంత్రం రెండు సీసాలు తాగేవాడు. పెద్ద గొడవ మనిషి కాదు, తాగి పడుకునేవాడు. 2015 సెప్టెంబర్‌లో ఎక్సైజ్ వాళ్ళు రాష్ట్రంలో కల్తీ మీద దాడులు గట్టిగా చేశారు. డిపోల్లో ఉన్నట్టుండి మందు కలపని సరుకు వచ్చింది. మూడో రోజు పిన్ని ఫోన్. "నిద్ర లేదు బిడ్డా, చేతులు వణుకుతున్నయి. గోడ మీద పురుగులు పాకుతున్నయ్ అంటున్నడు, అక్కడ ఏం లేవు." నాలుగో రోజు ఫిట్స్. తమ్ముడు నిజామాబాద్ ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్తే వార్డు నిండా అవే లక్షణాలతో జనం, ఒక్క మా ఊరి వాళ్ళే కాదు. నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆ నెలంతా అదే, ప్రాణాలు కూడా పోయాయి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికీ తాకిడి పెరిగింది.

అక్కడ డాక్టరు చెప్పేదాకా ఇంట్లో అందరూ కల్లు దొరక్క ఇలా అయిందనుకున్నారు. కల్లు దొరుకుతూనే ఉంది! ఆగిపోయింది కల్లు కాదు, మాత్ర. ఈ జాతి మందులు ఏళ్ళ తరబడి ఒంట్లోకి పోయి ఒక్కసారిగా ఆగితే మెదడు తిరగబడుతుంది, డాక్టరు చేతుల మీదుగా మోతాదు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి. తనకి ఆ అలవాటుందని మా చిన్నాయనకి తెలియనే తెలియదు. కాస్త కోలుకున్నాక ఆయన నాతో ఫోన్‌లో అన్న మాట: "రోజు సీస లేపి చూసేటోన్ని రా. తెల్లగ, నురుగు తోని, మంచిగనే ఉండె."

పదేళ్ళు దాటినా ఇది పాత కథ కాలేదు. 2025 ఏప్రిల్‌లో మా పక్క కామారెడ్డి జిల్లాలో కల్తీ కల్లు తాగి పదుల మంది ఆసుపత్రి పాలయ్యారు. అదే ఏడాది జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో మనుషులే చనిపోయారు, ఆల్ప్రజోలమ్ బయటపడింది. మనం రోజూ క్యాబ్‌లో దాటిపోయే చోటే. ప్రతిసారీ దాడులు, డిపోల మూత, గీత కార్మికుల మీద నిందలు. చెట్టెక్కి మోకుకి ప్రాణం అప్పజెప్పేవాడికీ, పౌడర్ కలిపేవాడికీ తేడా పేపర్ హెడ్డింగుల్లో కనపడదు. నా మటుకు నాకు కోపం వచ్చేది అక్కడ. పౌడర్ ఎక్కడో తయారై వస్తుంది, చెట్టు మీద కాయదు. ఆ సరఫరాని పట్టుకోకుండా, అలవాటు పడ్డ మనుషులకి ఆసుపత్రి ఏర్పాటు ముందుగా చేయకుండా, ఒక్క రాత్రిలో మందు ఆపేస్తే జరిగేది 2015లోనే చూశాం. ప్రొడక్షన్ సర్వర్‌ని ప్లగ్ పీకి ఆపే పద్ధతి అది.

ఇంట్లో వాడే పరీక్ష ఏదైనా దొరుకుతుందా అని నేనూ వెతికాను, ఇంజినీరు బుద్ధి ఎక్కడికి పోతుంది. బెంజోడయాజెపైన్లని పట్టే పట్టీలు మందుల షాపుల్లో ఉన్నాయి, కానీ అవి మూత్ర పరీక్షకి చేసినవి. కల్లులోని పులుపు, మడ్డి వాటిని తికమక పెట్టొచ్చు. అవి 'లేదు' అన్నాయని ధైర్యంగా తాగమని ఎవరికీ చెప్పలేను. క్లోరల్ హైడ్రేట్‌కి ఫుజివారా పరీక్ష అని ఒకటుంది, పిరిడిన్‌తో వేడి చేస్తే ఎర్రబారుతుంది. పిరిడిన్ వాసన ఒకసారి పీలిస్తే మీకే అర్థమవుతుంది అది వంటింట్లో చేసేది కాదని. మండలానికో చిన్న ల్యాబ్, ఎవరైనా సీసా తెచ్చి ఇస్తే అదే రోజు ఫలితం చెప్పేలా పెడితే బాగుండు.

నా సీసాల మీద ఇప్పుడు తేదీ, గింజలు, హాప్స్ గ్రాములతో సహా రాసి అంటిస్తున్నాను. రంగు గురించి ఏమీ రాయను.

చిన్నాయన ఇప్పుడు డిపో వైపు పోడు. వాగు ఒడ్డున నాలుగు ఈత చెట్లు, రెండు తాళ్ళు గీసే ఒకతనితో మాట్లాడుకున్నాడు. పొద్దున్నే ఆరింటికి నడిచి పోతాడు, చెట్టు కిందే నిలబడి లొట్టి దించేదాకా చూస్తాడు, ఒక రేక తాగి వస్తాడు. సీసా కన్నా చాలా ఎక్కువ పడుతుందట ఖర్చు. వానాకాలంలో చెట్టు సరిగ్గా పారదు. మరి ఆ రోజుల్లో ఎట్లా చిన్నాయనా అంటే, "చాయ్ తాగుత, ఏమైతది" అన్నాడు.